ఎడమ వైపు మాస్కు పెట్టె

విమానం వచ్చి ఆగిన పావుగంటలో బావ మెట్లు దిగి రావాలి. కింద నిలబడ్డ మరదల్ని చూసి, "ఏమ్మా ఇంజనీరుగారూ, మా బండికి చక్రాలన్నీ ఉన్నాయా?" అని అడగాలి. ఆమె ముక్కు మూసుకుని, "లెక్కపెట్టి చెప్తాను, ముందు మీరు కాస్త దూరం జరగండి" అనాలి. తొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ ఇదే వరస. ఆ మధ్యాహ్నం మాత్రం బావ గబగబా దిగాడు. టోపీ సర్దుకుంటున్నట్టు ముఖానికి కుడిచెయ్యి అడ్డం పెట్టుకుని, ఆమె పక్క నుంచే నడిచి వెళ్ళి సిబ్బంది వ్యాను ఎక్కి కూర్చున్నాడు. ఎడమచెయ్యి ప్యాంటు జేబులోంచి బయటికి రాలేదు.

ఒంట్లో బాగాలేదేమో అనుకుందామె. అక్కకి ఫోన్ చేసి కనుక్కోవాలని అనుకుంటూనే మెట్లెక్కింది.

ఆమె ఆ కంపెనీలో ఇంజనీరు. వచ్చిన విమానాన్ని చూసి, చెడినదేదో బాగుచేయించి, ఇక ఎగరొచ్చు అని సంతకం పెట్టడం ఆమె పని. ఆ సంతకం పడేదాకా ఎంత సీనియర్ కెప్టెనైనా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవలసిందే. విమానాశ్రయంలో అందరూ ఆమెను ఇంజనీరమ్మ అంటారు. అక్క మొగుడైన ఆ కెప్టెన్ని మాత్రం, ఆయన లేనప్పుడు, పొగగొట్టం అంటారు.

ఆయన కాక్‌పిట్లో సిగరెట్టు కాలుస్తాడని తెలియనిదెవరికి? విమానం ఊడ్చేవాళ్ళకి తెలుసు, కిటికీ అంచున బూడిద తుడిచేది వాళ్ళే. మెకానిక్కులకి తెలుసు, మీటర్ల వెనక ఉండే ఫ్యాన్ల జల్లెడలోంచి పసుప్పచ్చటి జిగురు గీకేది వాళ్ళే. గీకేసి, కాగితం మీద 'దుమ్ము, శుభ్రం చేయడమైనది' అని రాసేవారు. ఇంజనీరమ్మ కూడా అలాగే రాసింది, ఒకటికి పదిసార్లు. పెద్దాయన, నాలుగు నెలల్లో రిటైరవుతున్నాడు, ముప్పై రెండేళ్ళలో ఒక్క మచ్చ లేదు, ఇప్పుడెందుకులే అని అందరూ కడుపులో పెట్టుకున్నారు.

కాక్‌పిట్లో కో-పైలట్ ఇంకా కూర్చునే ఉన్నాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. కోటు ఉండలా చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల సిగరెట్టు వాసనైతే ఆమెకి కొత్త కాదు. ఇది అది కాదు. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద మరిచిపోతే వచ్చే వాసన, దానితో పాటు ప్లాస్టిక్ కాలిన కంపు. కెప్టెన్ సీటు పక్కన నేలంతా తడిగా ఉంది. ఖాళీ నీళ్ళసీసా ఒకటి పెడల్ దగ్గర పడి ఉంది.

లాగ్‌బుక్‌లో బావ చేతిరాత ఉంది. ఎడమ వైపు చదువుకునే దీపం వేడెక్కి పక్కనున్న ప్లాస్టిక్ కమిలిందట. ఆమె దీపం వెలిగించి, అరచేయి దాని మీద ఆనించి రెండు నిమిషాలు ఉంచింది. చెయ్యి గోరువెచ్చగా కూడా కాలేదు. ఆ దీపంతో వెన్న కూడా కరగదు.

ఏం జరిగిందని కో-పైలట్‌ని అడిగింది. అతను నీళ్ళు నమిలాడు. కెప్టెన్‌గారు రాశారు కదండీ అన్నాడు. ఇంకోసారి అడగబోతే తలెత్తకుండానే అన్నాడు: "మీరు గట్టిగా అడిగితే చెప్పేస్తానండీ. అందుకని అడక్కండి."

అతను కోటు చంకలో పెట్టుకుని దిగి వెళ్ళిపోయాడు. కోటు మడతలోంచి నల్లగా కాలిన అస్తరు కనిపించింది.

కెప్టెన్ సీటుకి ఎడమ పక్కన మోకాలి ఎత్తున ఒక పెట్టె ఉంటుంది. పైన రెండు చిన్న తలుపులు, లోపల ఆక్సిజన్ మాస్కు. విమానంలో గాలి పలచబడితేనో, పొగ కమ్మితేనో పైలట్ ఒక్క చేత్తో దాన్ని లాగి ముఖానికి తగిలించుకోవాలి. ఆ తలుపుల అంచు నల్లగా బొబ్బలెక్కి ఉంది. ఆమె వంగి చెవి పెట్టింది. పాలు పొంగబోయే ముందు గిన్నెలోంచి వచ్చేలాంటి సన్నటి చప్పుడు.

తలుపులు తీసింది. మాస్కు గొట్టం ఒకచోట కరిగి ముడుచుకుపోయింది. మాస్కు మీద ఉండే నాబ్, మామూలు అన్న గుర్తు దగ్గర ఉండవలసింది, ఎర్రటి అత్యవసరం గుర్తు దగ్గర ఉంది. నాబ్ అలా ఉంటే ఎవరూ పీల్చకపోయినా ఆక్సిజన్ దానంతటదే బయటికి వస్తుంది. పాతరకం పెట్టె కాబట్టి తలుపులు మూసినా సందుల్లోంచి సన్నగా కారుతూనే ఉంటుంది. పక్కనే కూర్చున్న మనిషి వేళ్ళ మధ్య నిప్పు ఉంటే చెప్పేదేముంది. మామూలు గాలిలో నెమ్మదిగా కాలే సిగరెట్టు ఆ ధార తగిలితే కాగడా అయిపోతుంది.

అంతవరకూ ఆమెకి బావ మీద కోపమే. లాగ్‌బుక్‌ ఒక్క పేజీ వెనక్కి తిప్పేసరికి ఆ కోపం గొంతులోనే ఆగిపోయింది. నిన్న ఉదయం ఆ పెట్టెలో పాత మాస్కు తీసి కొత్తది బిగించినవాళ్ళ సంతకం ఉంది అక్కడ. అది ఆమె సంతకమే.

నిన్నటి సంగతి కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. మాస్కు బిగించింది. జాబ్ కార్డు చూసుకుంటూ ఒక్కొక్క అంశమే చేసింది. చివర్లో మైకు పరీక్ష. నాబ్ ఎర్ర గుర్తుకి తిప్పి, గాలి పారే చప్పుడు స్పీకర్లో వినిపిస్తోందో లేదో చూడాలి. వినిపించింది. అప్పుడే కింద నుంచి షిఫ్ట్ ఇన్‌చార్జి, పక్క విమానం టైరు చూడమని కేకేశాడు. ఆమె గొట్టం మడిచి, తలుపులు మూసి, సంతకం పెట్టి దిగిపోయింది. ఆ తరవాత ఆ విమానం ఐదుసార్లు ఎగిరింది.

ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. దీపం మార్చి పంపెయ్యవమ్మా, గేటు దగ్గర నూట అరవై మంది నిలబడి ఉన్నారు అన్నాడు. మాస్కు గొట్టం కరిగిపోయింది, ఈ విమానం పంపనని చెప్పింది. ఆయన కాసేపు సణిగి, వేరే విమానం వెతుక్కోవడానికి వెళ్ళాడు. కారణం ఏమిటో కాగితం మీద పెట్టి రేపటికల్లా ఇవ్వమన్నాడు.

ఆమె నాబ్‌ని మామూలుకి తిప్పలేదు. ఎలా ఉన్నదాన్ని అలాగే ఫోటో తీసింది. తీస్తుంటే తనమీద తనే సాక్ష్యం చెప్పుకుంటున్నట్టనిపించింది. అయినా మూడు పక్కల నుంచీ తీసింది.

హ్యాంగర్‌కి వెళ్ళి జాబ్ కార్డు ముందు పెట్టుకుని, ఎన్నడూ చూడనిదాన్ని చదివినట్టు చదివింది. పదకొండు అంశాలు. ఎనిమిది: నాబ్ మామూలుకి తిప్పవలెను. తొమ్మిది: మాస్కు తుడవవలెను. పది: నాబ్ అత్యవసరానికి తిప్పి మైకు పరీక్షించవలెను. పదకొండు: గొట్టం మడిచి తలుపులు మూయవలెను. పదికీ పదకొండుకీ మధ్య నాబ్ మళ్ళీ వెనక్కి తిప్పమని ఎక్కడా లేదు. ఇన్నేళ్ళూ అందరి చేతులూ అలవాటుకొద్దీ తిప్పేస్తున్నాయి. చెయ్యి మరిచిపోయిన రోజున గుర్తుచెయ్యడానికి కార్డులో ఏమీ లేదు. ఆమెది మతిమరుపే, అందులో అనుమానం లేదు. కానీ ఆ మతిమరుపుకి కార్డు చాప వేసి కూర్చోబెట్టింది.

హ్యాంగర్లో చక్రాల పని మీద ఇంకో విమానం నిలబడి ఉంది, అదే రకం. పోయిన నెల దానికీ మాస్కులు మార్చారు. మార్చింది పెద్ద మెకానిక్, తలుపు వేసి మూడుసార్లు లాగి చూసే మనిషి. ఆమె ఎక్కి ఎడమ పెట్టె తెరిచింది, సరిగ్గానే ఉంది. కుడి పెట్టె తెరిచింది. నాబ్ ఎర్ర గుర్తు మీద ఉంది.

కంపెనీలో ఈ రకం విమానాలు పంతొమ్మిది.

*

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళింది. అక్క వంటింటి సింకు దగ్గర నిలబడి తెల్ల యూనిఫాం చొక్కా సబ్బుతో రుద్దుతోంది. ఎడమచేతి కఫ్ సగం లేదు.

"కాఫీ కాచే హీటర్ తగిలిందట," అంది అక్క, వెనక్కి తిరక్కుండానే. "విమానంలో హీటర్ కెప్టెన్ సీటు దాకా ఎలా వచ్చిందో మీ బావనే అడుగు. నాకు చెప్పే అబద్ధాలన్నీ అతుకులబొంతలే."

అక్కకి ఇవన్నీ అలవాటే. పెళ్ళయినప్పటినుంచీ ఆయన చొక్కాల మీద నిప్పు పడ్డ చిల్లులు రఫూ చేస్తూనే ఉంది. దారం రంగు కలిపి ఎంత నేర్పుగా కుడుతుందంటే వెతికినా కనపడవు. అది గొప్పగా కూడా చెప్పుకునేది.

బావ ముందు గదిలో కుర్చీలో ఉన్నాడు. చేతికి తెల్లటి మందు పూసి ఉంది, రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. టీవీ మోగుతోంది కానీ చూస్తున్నట్టు లేదు. ఆమె టీవీ కట్టేసి ఎదురుగా కూర్చుంది. నాబ్ సంగతి చెప్పింది. ముందు తన తప్పే చెప్పింది.

"అదా సంగతి," అన్నాడు ఆయన. "ముప్పై రెండేళ్ళలో సిగరెట్టు అలా భగ్గుమనడం చూళ్ళేదు. నాకేమో పిచ్చెక్కిందనుకున్నాను."

"బయల్దేరే ముందు మాస్కు పరీక్ష చెయ్యాలి కదా బావా. నాబ్ చూడాలి కదా."

"చెయ్యాలి. చేశానని టిక్కు పెట్టాను." కాస్త నవ్వాడు. "చేతిలో కాఫీ ఉంది."

తరవాత ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. చిన్నప్పుడు ఆమెకి ఎక్కాలు రాకపోతే ఒప్పచెప్పించిన గొంతుతోనే, నిదానంగా, నచ్చచెప్పాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మంట పావు నిమిషం కూడా లేదు, కో-పైలట్ కోటుతో నొక్కేశాడు. దీపం అని తను రాసేశాడు. దీపం మార్చామని ఆమె ఒక్క సంతకం పెడితే ఇద్దరూ ఒడ్డున పడతారు. నాలుగు నెలలు పోతే తను సిగరెట్టు బాల్కనీలో కాల్చుకుంటాడు, ఆమె ఇంకో ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసుకుంటుంది.

"నా సిగరెట్టు రాస్తే నీ నాబ్ కూడా రాయాలి మరదలా," అన్నాడు. "నాబ్ రాస్తే ముందు పోయేది నీ లైసెన్సు. నేనెలాగూ ఇంటికెళ్ళేవాణ్ణే."

"రెండూ రాస్తాను."

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. అక్క తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏమే, నీకేమైనా దెయ్యం పట్టిందా?" అంది. "ఆయన చెయ్యి కాలింది, నీ తప్పుందని తెలిసింది, ఇక చాలదా? ఇద్దరూ కలిసి నా కొంప మీదికే తెస్తారా? రిటైరైనరోజు అందరూ నిలబడి చప్పట్లు కొట్టాలని ఆయన ఎంత ఆశపడుతున్నాడో నీకు తెలీదూ?"

తెలుసు. ఆఖరి విమానానికి అక్కనీ తననీ ముందు వరసలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తానని బావ ఏడాదిగా అంటున్నాడు. ఆమె కళ్ళు దించుకుంది కానీ గొంతు దించలేదు.

"అక్కా, ఇంకో విమానంలో కూడా నాబ్ అలాగే ఉంది. నేను పెట్టింది కాదు. ఇంకా పదిహేడు చూడాలి. దీపం అని రాస్తే దీపాలే వెతుకుతారు, ఎవరూ ఆ పెట్టెలు తెరవరు. పొగతాగేది బావ ఒక్కడే కాదు. కంపెనీలో ఇంకెంతమంది ఉన్నారో బావకే ఎక్కువ తెలుసు."

బావ కాదనలేదు. మందు పూసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"నువ్వు ముందు నా చెల్లెలివి," అంది అక్క.

"ఔను. అందుకే ఇంటికొచ్చి చెప్తున్నాను. అడగడానికి రాలేదు."

అక్క సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది. ఎప్పుడూ గేటు దాకా వచ్చి, ఏదో ఒక గిన్నె చేతిలో పెట్టి పంపే మనిషి, ఆ సాయంత్రం వెళ్ళొస్తానంటే వెనక్కి తిరిగి చూడలేదు.

*

ఇంట్లో భోజనాల బల్ల మీద కూర్చుని ఆమె రాసింది. మొగుడు లెక్కల మాస్టారు, పిల్లల పేపర్లు దిద్దుకుంటూ ఎదురుగా కూర్చున్నాడు. రాసిన కాగితం అందుకుని చదివి, మొదటి వాక్యం దగ్గరే ఆగాడు. మీ బావ సిగరెట్టుతో కదా మంట అంటుకుంది, నీ తప్పుతో ఎందుకు మొదలుపెట్టావని అడిగాడు.

వరసలో ముందు జరిగింది అదే కదా అంది. తన తప్పు చివర్లో ఎక్కడో ఇరికిస్తే, చదివేవాడు బావ మీద కోపం తెచ్చుకుని ఆపేస్తాడు, కార్డు దాకా రాడు అంది. మాస్టారు ఇంకోసారి చదివి, ఒక అక్షరం దిద్ది ఇచ్చేశాడు. నీ సంతకం చెల్లకుండా చేస్తే ఏం చేస్తావని అడిగాడు. పానా పట్టుకోవడానికి సంతకం అక్కర్లేదు అంది.

ధైర్యంగానే అంది. పడుకున్నాక మాత్రం అక్క వీపు, ఆ కుళాయి చప్పుడు గుర్తొచ్చి చాలాసేపు కళ్ళు మూతపడలేదు.

మర్నాడు ఇన్‌చార్జి ఆ రెండు పేజీలూ చదివి, కళ్ళజోడు తీసి, గది తలుపు దగ్గరికి వేశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. తలనొప్పి అంటే భయం, అంతే. ఇవాళ తొమ్మిది విమానాలు, నలుగురు మనుషులు, నా తల ప్రాణం తోకకొస్తోంది, ఇందులో నువ్వూనా అన్నాడు. ఈ కాగితం ఒకసారి భద్రతా విభాగానికి వెళ్ళిందా, మరి నా చేతిలో ఉండదన్నాడు. పోనీ సిగరెట్టు ఒక్కటే రాయి, నాబ్ సంగతి మనలో మనం సర్దుకుందాం, నీలాంటి మనిషిని పోగొట్టుకోలేనన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు.

ఒక్క క్షణం ఆమె మనసు జారింది. నిన్నటినుంచీ మొదటిసారి ఎవరో తన పక్షాన మాట్లాడారు. సిగరెట్టు ఒక్కటే రాస్తే అబద్ధం కూడా కాదు. బావ ఎలాగూ దోషే. పెట్టెలు తనే వీలున్నప్పుడల్లా ఒక్కొక్కటీ తెరిచి సరిచేసుకుంటూ పోవచ్చు, మూడో కంటికి తెలియకుండా. కానీ వచ్చే నెల కొత్త మాస్కులు బిగించేవాళ్ళ చేతిలో ఉండేది అదే కార్డు.

"రిజిస్టర్లో నంబరు వెయ్యండి సార్," అంది.

"ఆలోచించుకున్నావా?"

"మొన్న టైరు కోసం కేకేసింది మీరే. అది కూడా రాశాను. మూడో పేరాలో ఉంది."

ఇన్‌చార్జి మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని మూడో పేరా వెతుక్కున్నాడు. చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. తరవాత రిజిస్టరు లాక్కుని నంబరు వేసి, దాని పక్కన తన సంతకం కూడా పెట్టాడు.

ఆ పూటే ఆమె సంతకం చెల్లదని ఉత్తర్వు వచ్చింది, విచారణ ముగిసేదాకా. బావని ఎగరొద్దన్నారు. కో-పైలట్‌ని పిలిచి గట్టిగా అడిగారు, అతను చెప్పేశాడు. అడిగేవాళ్ళ కోసమే ఎదురుచూస్తున్నవాడిలా చెప్పాడని తరవాత తెలిసింది. క్యాంటీన్లో కొంతమంది ఆమెను చూసి మాటలు ఆపేసేవారు. పెద్ద మెకానిక్ మాత్రం తన కుడి పెట్టె సంగతి తెలిసి, ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మూడుసార్లు లాగి చూస్తానమ్మా, తలుపే లాగాను, లోపల చూడలేదు అన్నాడు. ఆమె కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

సాయంత్రానికి రెండో ఉత్తర్వు వచ్చింది. పంతొమ్మిది విమానాల్లోనూ అన్ని మాస్కు పెట్టెలూ తెరిచి చూడాలి. కార్డులో పది తరవాత కొత్త అంశం చేరింది: నాబ్ మామూలుకి తిప్పి, ఇంకొకరికి చూపి, ఇద్దరూ సంతకం పెట్టవలెను.

సంతకం లేని ఇంజనీరుకి పనేముంటుంది అన్నారెవరో. ఆమె ఆ మాట వినిపించుకోకుండా పానాల పెట్టె పుచ్చుకుని బయల్దేరింది. ఆమె తెరిచి చూపిస్తుంటే పెద్ద మెకానిక్ చూసి రాసుకునేవాడు, సంతకం ఇన్‌చార్జి వచ్చి పెట్టేవాడు. విమానాలు ఎక్కడెక్కడినుంచో వచ్చి పోయే మధ్య ముప్పావుగంట దొరికితే అందులోనే. మొదటి రెండు రోజుల్లో, ముందు చూసిన రెండూ కలుపుకుని, ఎనిమిది పూర్తయ్యాయి, కొత్తగా చూసిన ఆరూ సరిగ్గానే ఉన్నాయి. ఇంత గోల చేసి ఏం తేల్చావని ఇన్‌చార్జి నోటితో అనకపోయినా ముఖంతో అన్నాడు. మూడో రోజు పన్నెండో విమానంలో కెప్టెన్ వైపు పెట్టె తెరవగానే సన్నటి చప్పుడు వినిపించింది. నాబ్ ఎర్ర గుర్తు మీద ఉంది. ఆ సీటు కింద, పట్టాల సందులో, రెండు సిగరెట్టు పీకలు కూడా దొరికాయి. ఆ విమానం బావ ఎన్నడూ నడిపింది కాదు.

ఇన్‌చార్జి ఆ పీకల్ని కాగితంలో పొట్లం కట్టాడు. "దుమ్ము అని రాయమంటావేంటి?" అన్నాడు పెద్ద మెకానిక్‌తో, తనే నవ్వబోయి, నవ్వలేక.

అక్క ఈ మూడు రోజులూ ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం తనే చేసింది. అప్పుడు ఇంజనీరమ్మ పదిహేనో విమానం మెట్ల మీద ఉంది.

"మీ బావని పొద్దున విచారణకి పిలిచారు," అంది అక్క.

"తెలుసు."

"నువ్వు రాసింది చదివి వినిపించారట. ఏమైనా చెప్పుకుంటారా అంటే, ఒక్క తప్పుంది అన్నారట. ఒక సిగరెట్టు అని రాసింది మా మరదలు, అది రెండోది అన్నారట. ఇంటికొచ్చి ఆ గదిలో తలుపేసుకున్నారు. నీ మీద కోపం పోలేదు. నాకూ పోలేదు, చెప్తున్నా."

"సరే అక్కా."

"చప్పట్లు లేవు, ఏమీ లేవు. రేపటినుంచి ఇంట్లోనే."

ఇంజనీరమ్మ రెయిలింగు పట్టుకుని నిలబడింది. పైనుంచి పెద్ద మెకానిక్, ప్రయాణికులు వచ్చేస్తున్నారమ్మా, పాతిక నిమిషాలే ఉంది అంటున్నాడు. అక్కకి కూడా అది వినిపించినట్టుంది.

"ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని అడిగింది.

"దీనితో కలిపి ఐదు."



"అయితే ఫోన్ పెట్టెయ్," అంది అక్క. "పోయి చూడు."

ఆమె ఫోన్ జేబులో వేసుకుని మిగిలిన మెట్లెక్కింది. కాక్‌పిట్లోకి వెళ్ళి, కెప్టెన్ సీటు వెనక్కి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ వైపు తలుపులు తెరిచింది.